కారు స్టార్ట్ కావట్లేదా? కరెంట్ ఎక్కడ ఆగిందో ఇంటి దగ్గరే పట్టుకోండి

పోయిన వానాకాలంలో మా పాత పెట్రోల్ కారు పొద్దున్నే మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఎండెక్కాక మామూలైపోయేది. వాన పడిన రోజు మాత్రం మూడు సిలిండర్లలో రెండే పని చేస్తున్నట్టు ఊగిపోయేది. గ్యారేజీలో ప్లగ్‌లు మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ వెళ్తే కాయిల్ మార్చారు. బిల్లు పెరిగింది, మిస్సింగ్ మాత్రం పోలేదు. మా బాబాయ్ ఒకప్పుడు లారీలకు ఎలక్ట్రికల్ పని చేసేవాడు. ఫోన్‌లో గోడంతా వెళ్లబోసుకుంటే ఆయన ఒకటే అడిగాడు: "ఒరేయ్, కరెంట్ ఎక్కడిదాకా వస్తోందో చూశారా? చూడకుండా సామాన్లెందుకు మారుస్తున్నార్రా?"

ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి ఇది: బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ప్లగ్ దాకా కరెంట్ వెంట నడవాలి. ఎక్కడ ఆగిందో తేలేదాకా ఒక్క సామాను కూడా కొనకూడదు.

ఇది పెట్రోల్ కార్లకూ, సీఎన్‌జీ కార్లకూ పనికొస్తుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్‌లే ఉండవు, దాని లెక్క వేరు.

కరెంట్ నడిచే దారి

బ్యాటరీలోని 12 వోల్టులు కీ స్విచ్, ఫ్యూజు, రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్) దాటి ఇగ్నిషన్ కాయిల్‌కి వస్తాయి. కాయిల్ వాటిని 20 వేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్‌కి పంపుతుంది. ప్లగ్ మొనల మధ్య ఉండే మిల్లీమీటరు సందులో ఆ కరెంట్ దూకడమే స్పార్క్. ఏ క్షణంలో దూకాలో ఇప్పటి కార్లలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) చెబుతుంది. ఇంజన్ ఎక్కడిదాకా తిరిగిందో దానికి చెప్పేది క్రాంక్ సెన్సార్. ఇంజన్ 3000 ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి 3000 చుట్లు) ఉందంటే ఒక్కో ప్లగ్ సెకనుకు 25 సార్లు వెలగాలి. అందులో నాలుగైదు తప్పినా కారు ఊగడం సీట్లో కూర్చున్న మనకు తెలిసిపోతుంది.

పాత కార్లలో ఒకటే కాయిల్ ఉంటుంది. దాని కరెంట్‌ని డిస్ట్రిబ్యూటర్ లావుపాటి రబ్బరు ప్లగ్ వైర్ల గుండా ఒక్కో సిలిండర్‌కీ పంచుతుంది. తర్వాత వచ్చిన కొన్నిట్లో డిస్ట్రిబ్యూటర్ పోయింది, వైర్లు మిగిలాయి. ఇప్పటి చాలా కార్లలో వైర్లు కూడా లేవు, ఒక్కో ప్లగ్ నెత్తిన ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. పని మొదలుపెట్టే ముందు బానెట్ ఎత్తి మీది ఏ రకమో చూసుకోండి.

చేతికి పని చెప్పే ముందు

కావలసినవి ఎక్కువేం లేవు. మల్టీమీటర్ (ఐదారు వందల్లో దొరికేది చాలు), ప్లగ్ పానా, పది నంబర్ స్పానర్, ఎమెరీ పేపర్, ఫీలర్ గేజ్ (ప్లగ్ సందు కొలిచే పలచటి రేకులు), స్పార్క్ టెస్టర్. 2013 తర్వాత వచ్చిన కారైతే ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ (ఈసీయూ పట్టిన లోపాలను కోడ్‌లుగా చూపించేది) కూడా తీసుకోండి. ఈ జాబితాలో డబ్బులకు నిజంగా విలువ చేసేది అదే.

జాగ్రత్తల్లో మూడు మాత్రం పట్టుదలగా చెబుతాను. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైరు గానీ కాయిల్ గానీ చేత్తో లాగొద్దు. పాత మెకానిక్‌లు లాగి చూసేవాళ్లు, షాక్ కొడితే నవ్వేసేవాళ్లు. ఇప్పటి కార్లలో ఆ ఒక్క పనితో ఈసీయూ పోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దగ్గర్లోనే ఉండొద్దు. రెండోది, పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే స్పార్క్ టెస్టులేవీ చేయొద్దు, ముందు ఆ లీకు సంగతి చూడండి. మూడోది, బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర్లో పెట్టాలి. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని కార్లలో కీ తీసేశాక కూడా తిరుగుతుంది కాబట్టి చున్నీ, తువ్వాలు, వదులు చొక్కా చేతులు దూరంగా ఉంచుకోండి.

కీ తిప్పితే ఏమవుతోంది?

లోపం ఎక్కడుందో సగం ఇక్కడే తేలిపోతుంది. సెల్ఫ్ అసలు తిరగట్లేదా, తిరుగుతున్నా ఇంజన్ అందుకోవట్లేదా, అందుకున్నాక మిస్సింగ్ కొడుతోందా అన్నది చూడండి. మూడూ మూడు వేరు జబ్బులు. మొదటిదాంట్లో ప్లగ్‌ల జోలికి వెళ్లనక్కర్లేదు.

సెల్ఫ్ తిరగకపోతే

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయింది లేదా టెర్మినల్స్ సరిగ్గా అంటుకోవట్లేదు. లైట్లు చెక్కు చెదరకుండా ఉంటే సెల్ఫ్ మోటార్ దాకా కరెంటే వెళ్లట్లేదు, కీ స్విచ్, రిలే, సోలినాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్) చూడాలి. ఆటోమేటిక్ కారైతే గేర్‌ని న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ కారైతే కీలోని చిన్న బ్యాటరీ అయిపోయిందేమో చూడండి. కీని బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే ముందు ఛార్జింగ్ పెట్టాలి, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. ఆ వోల్టేజితో ఏం పరీక్షించినా తప్పుడు జవాబే వస్తుంది. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటర్ చూస్తూ ఉండండి. ఆ సమయంలో 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీ ముసలిదైపోయినట్టే. స్టార్ట్ అయ్యాక 13.8, 14.5 మధ్య ఉండాలి, అంతకు తక్కువైతే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపేది) సరిగ్గా ఛార్జ్ చేయట్లేదు.

బ్యాటరీ బాగానే ఉందనిపించినా టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే నమ్మొద్దు. నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, కాస్త వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక ఎమెరీ పేపర్‌తో సీసం మెరిసేదాకా రుద్దండి. బిగించాక పైన వేజలీన్ పూయండి. లోపల పూయకూడదు, లోహానికి లోహం తగలాలి.

చాలామంది వదిలేసేది ఎర్త్ వైరు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒకటి, ఇంజన్‌కి ఒకటి వెళ్తాయి. వీటి కింద తుప్పు పడితే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, స్పార్క్ బలం తగ్గుతుంది, లైట్లు మిణుకుమంటాయి. చూపుకు మాత్రం వైరు బాగానే ఉంటుంది. మీటర్ ఎర్ర తీగని ఇంజన్ లోహానికి, నల్ల తీగని బ్యాటరీ నెగటివ్ స్తంభానికి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు రావాలి. అర వోల్టు దాటిందంటే ఆ వైరు విప్పి, కింది రంగూ తుప్పూ గీకేసి మళ్లీ బిగించాల్సిందే. పావుగంట పని, పైసా ఖర్చు లేదు.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

ముందు చెవులకు పని చెప్పండి. సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, బరువే లేనట్టు గిర్రున తిరుగుతుంటే వెంటనే ఆపేయండి, టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. మళ్లీ మళ్లీ తిప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వ్‌లు పిస్టన్‌కి తగిలి వంగుతాయి. అక్కడితో ఇంటి పని ఆపేసి టో చేయించుకోవడమే మేలు.

మామూలుగానే తిరుగుతుంటే డాష్‌బోర్డ్ మీద తాళం బొమ్మ లైటు చూడండి. అది ఆరకుండా మెరుస్తూ ఉంటే ఇమ్మొబిలైజర్ (వేరే కీతో కారు స్టార్ట్ కాకుండా ఆపేది) మీ కీని గుర్తు పట్టలేదు. స్పేర్ కీతో ప్రయత్నించండి. నేను ఒకసారి ప్లగ్‌లన్నీ విప్పుకున్నాక ఆ లైటు చూశాను, ఆ తప్పు మీరు చేయొద్దు.

ఇప్పుడు కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు వైపు చెవి పెట్టండి. ఇంజెక్షన్ కార్లలో (పాత కార్బ్యురేటర్ కార్లు కానివాటిలో) రెండు సెకన్లు సన్నగా మోటార్ గుర్రుమనాలి. అది పెట్రోల్ పంపు. చప్పుడు లేకపోతే ఇబ్బంది ఇగ్నిషన్‌ది కాకపోవచ్చు, పంపు ఫ్యూజు, రిలే చూడండి.

పంపు బాగుందనుకుంటే స్పార్క్ టెస్టు చేయాలి.

1. పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసేయండి. ఇంజన్‌లోకి కొత్తగా పెట్రోల్ రాకూడదు.
2. ఒక ప్లగ్ వైరు గానీ, ప్లగ్ మీది కాయిల్ గానీ విప్పి స్పార్క్ టెస్టర్‌కి తగిలించండి. టెస్టర్ క్లిప్పుని రంగు లేని ఇంజన్ లోహానికి పెట్టండి. కాయిల్ కనెక్టర్ అలాగే ఉండాలి.
3. మీరు చేతులు తీసేసి, ఇంకొకరిని ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి.

టెస్టర్ లేకపోతే మంచి ప్లగ్ ఒకటి వైరుకు గుచ్చి, దాని ఇనుప ఒంటికి జంపర్ కేబుల్ తగిలించి ఇంజన్‌కి కలపాలి. తెరిచి ఉన్న ప్లగ్ రంధ్రం దగ్గర మాత్రం పెట్టొద్దు, లోపలి పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. వైరుని గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టకండి, దూకడానికి దారి లేని కరెంట్ కాయిల్‌నే కాల్చేస్తుంది.

నీలంగా, టప్ టప్ మని చప్పుడు చేస్తూ దూకితే మంచి స్పార్క్. పసుపు, నారింజ రంగులో సన్నగా ఉంటే బలం లేనట్టు. బయట గాల్లో దూకింది కదా అని ధీమా పనికిరాదు. సిలిండర్ లోపల నొక్కిపెట్టిన గాల్లో దూకడానికి వోల్టేజి ఇంకా ఎక్కువ కావాలి. సీఎన్‌జీలో అయితే మరీ ఎక్కువ. పెట్రోల్‌లో బాగానే నడిచి సీఎన్‌జీకి మార్చగానే మిస్సింగ్ కొట్టే కార్లలో ప్లగ్, వైరు, కాయిల్ మూడింటినీ అనుమానించమనేది ఇందుకే.

స్పార్క్ అన్నిట్లోనూ బాగుంటే లోపం పెట్రోల్ వైపు వెతకాలి. ఒక్కదాంట్లోనే లేకపోతే ఆ కాయిల్, ఆ వైరు. అన్నిట్లోనూ లేకపోతే అన్నీ ఒకేసారి చెడిపోవు కదా, అన్నిటికీ కలిపి ఉన్నదే చెడింది: ఫ్యూజు, రిలే, డిస్ట్రిబ్యూటర్ కారులో ఒక్కగానొక్క కాయిల్, లేదా క్రాంక్ సెన్సార్.

క్రాంక్ సెన్సార్‌ని పట్టుకోవడానికి స్కానర్ ఉంటే సులువు. లైవ్ డేటాలో ఆర్‌పీఎమ్ పెట్టుకుని సెల్ఫ్ కొట్టండి. 150 నుంచి 300 మధ్య ఏదో ఒక అంకె రావాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తుంటే ఈసీయూకి ఆ సంగతే తెలియడం లేదు, అది స్పార్క్ ఎలా ఇస్తుంది? పి0335 కోడ్ కూడా దీనికే. దీనికో గుర్తు ఉంది: వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది, అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. కాయిల్ కూడా కొన్నిసార్లు ఇలాగే చేస్తుంది, అందుకే ఆగిన క్షణంలోనే స్పార్క్, ఆర్‌పీఎమ్ రెండూ చూడాలి. సెన్సార్ కొనేముందు దాని కనెక్టర్ విప్పి మట్టి, ఆయిల్ ఉందేమో, వైరు తెగిందేమో చూడండి.

వైర్లంటే గుర్తొచ్చింది, ఎలుకలు. వారం రోజులు కదలకుండా ఉన్న కారు స్టార్ట్ కాకపోతే నేను ముందు వెతికేది ఎలుక పెంటికలు, కొరికిన వైరు తొక్కలే. కొందరు బానెట్ కింద పొగాకు కాడలు పెడతారు. మా ఇంటి ఎలుకలు మాత్రం పొగాకుని ఖాతరు చేయలేదు.

మిస్సింగ్: అసలు ఓపిక కావలసింది ఇక్కడే

చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఆరుతూ మిణుకుమంటుంటే కారు నడపొద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. పదిహేను వందల కాయిల్‌తో పోయేది పదుల వేల మీదికి వస్తుంది.

స్కానర్ పెట్టి కోడ్ చదవండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 రెండోది, అలా. పి0300 అంటే ఏదో ఒకటని కాదు, అన్నీ తలా కాసేపు తప్పుతున్నాయని. దానికి ఎర్త్, గాలి లీకు, పెట్రోల్ ప్రెషర్ లాంటి ఉమ్మడి కారణాలు వెతకాలి.

ప్లగ్ మీద కాయిల్ ఉండే కార్లలో పైసా ఖర్చు లేకుండా తేల్చే ఉపాయం ఉంది. పి0302 వచ్చిందనుకోండి. కీ తీసేసి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చండి. కోడ్ చెరిపేసి కాసేపు నడపండి. ఇప్పుడు పి0303 వచ్చిందా? జబ్బు కాయిల్‌తో పాటే నడిచొచ్చింది, అది మార్చండి. మళ్లీ పి0302 వచ్చిందా? కాయిల్ మంచిదే. ఈసారి ప్లగ్‌లు తారుమారు చేయండి. అప్పటికీ కదలకపోతే ఆ సిలిండర్ కనెక్టర్, ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూడాలి. ఒకేసారి కాయిల్, ప్లగ్ రెండూ మార్చేస్తే ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

కాయిల్‌ని మల్టీమీటర్‌తో కూడా చూడొచ్చు. పాత రకం కాయిల్‌కి చిన్న పిన్నుల మధ్య సుమారు 0.5 నుంచి 2 ఓమ్‌లు, లోపలి పెద్ద చుట్టకి 6 వేల నుంచి 15 వేల ఓమ్‌ల దాకా ఉంటుంది. మూడు, నాలుగు పిన్నుల కాయిల్స్‌లో లోపల ట్రాన్సిస్టర్ ఉంటుంది, వాటి దగ్గర ఈ కొలత పనికిరాదు. పైగా చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి వేడెక్కాక తడబడేవీ ఉన్నాయి. అందుకే నేను తారుమారు పద్ధతినే ఎక్కువ నమ్ముతాను.

ప్లగ్ ముఖం చూడండి

ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్‌లు విప్పాలి. ప్లగ్‌లు బిగించి ఉండే హెడ్ అల్యూమినియంది, వేడి మీద తిప్పితే మరలు ఊడొస్తాయి. చుట్టూ దుమ్ము ఊదేసి విప్పండి, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. విప్పినవాటిని ఒకటి, రెండు, మూడు అని రాసిన అట్టముక్క మీద వరసగా పెట్టండి.

మొన లేత గోధుమ రంగులో, బూడిద రంగులో ఉంటే ఆరోగ్యం. పొడిగా, పొయ్యి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది లేదా స్పార్క్ బలంగా లేదు. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, ప్లగ్ మార్చినా నెలలో మళ్లీ అదే కథ. తెల్లగా, పొక్కులతో ఉంటే మరీ వేడెక్కుతోంది. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే అక్కడ స్పార్క్ రావట్లేదు. తడిసిన ప్లగ్‌ని ఆరబెట్టి పెట్టుకోవచ్చు. పింగాణీ మీద నిలువుగా నల్లటి సన్న గీత కనిపిస్తే మాత్రం పారేయండి. కరెంట్ మొన దాకా వెళ్లకుండా ఆ గీత వెంట పక్కకి జారిపోతుంది. దాని మీద కూర్చునే రబ్బరు టోపీలో కూడా అదే గీత ఉంటుంది, అదీ మార్చాలి.

కొత్త ప్లగ్ గ్యాప్ కారు మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టండి. కార్బ్యురేటర్ కార్లకు ఎక్కువగా 0.7, 0.8 మి.మీ., ఇంజెక్షన్ కార్లకు 1.0, 1.1 దగ్గర ఉంటుంది. ఇరిడియం ప్లగ్ మొనకి గేజ్ గట్టిగా నొక్కొద్దు, వైరు బ్రష్ అసలు తగిలించొద్దు. బిగించేటప్పుడు మొదట చేత్తోనే పూర్తిగా తిప్పాలి. మధ్యలో పట్టేస్తే అడ్డంగా ఎక్కినట్టు, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. చేత్తో ఆనాక, వాషర్ ఉన్న కొత్త 14 మి.మీ. ప్లగ్‌ని పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా, వాడినదాన్ని మళ్లీ పెడితే పన్నెండో వంతు. బలం చూపించే చోటు ఇది కాదు.

చీకట్లో దొరికిన దొంగ

మా కారు దగ్గరికొస్తే, బాబాయ్ సాయంత్రం వచ్చి టీ తాగుతూ కూర్చున్నాడు. "చీకటి పడనీరా" అన్నాడు. ఎనిమిదింటికి వీధి వైపు లైటు ఆర్పించి, బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించాడు. ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే సీసా తెప్పించి, చేయి దూరంగా ఉంచి, ప్లగ్ వైర్ల మీద మంచులాగా రెండుసార్లు కొట్టాడు.

రెండో సిలిండర్ వైరు నుంచి పక్కనున్న బోల్టు మీదికి నీలం దారం ఒకటి చిటచిటమంటూ దూకింది. ఇంజన్ అదే తాళానికి ఊగింది. వైరుని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయి, ఆ వైరు బోల్టుకి రాసుకుని రాసుకుని వెంట్రుక మందాన పగిలింది. పగలు టార్చి వేసి చూసినా కనపడదు. ఎండలో పొడిగా ఉన్నప్పుడు కరెంట్ ప్లగ్‌కే వెళ్తోంది, తేమ తగలగానే దగ్గరి దారి చూసుకుంటోంది. కొత్త ప్లగ్‌లు, కొత్త కాయిల్ దాన్ని ఎలా ఆపుతాయి?

టేపు చుడదామన్నాను. "ఇరవై వేల వోల్టులకు నీ టేపు ఒక లెక్కా?" అన్నాడు. మర్నాడు వైర్ల సెట్టు, రెండు క్లిప్పులు తెచ్చాం. వైర్లు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టాలి, అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలియక తికమక అవుతుంది. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్ వరస (సిలిండర్లలో స్పార్క్ వచ్చే క్రమం) 1-3-2, అది తప్పితే సైలెన్సర్‌లోంచి పేలుడు చప్పుళ్లే. లాగేటప్పుడు వైరు పట్టుకోవద్దు, చివరి రబ్బరు టోపీ పట్టుకుని కాస్త మెలితిప్పి లాగాలి. పెట్టేటప్పుడు టోపీ లోపల కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంట్ పారని గ్రీజు) రాస్తే తేమ చేరదు, మళ్లీ తీయడమూ తేలిక. టక్ మని కూర్చున్న శబ్దం వినపడాలి.

డిస్ట్రిబ్యూటర్ ఉంటే అదే రోజు మూత కూడా విప్పి చూసుకోండి. లోపల సన్నటి నల్ల గీతలు, పగుళ్లు, తడి, రోటర్ (లోపల తిరిగే ముక్క) మొన అరిగిపోవడం, ఇవే చూడాల్సింది. తడైతే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. గీత పడితే మూత మార్చాలి.

ఈ స్ప్రే పరీక్ష చేసేటప్పుడు చెప్పులు తొడుక్కుని పొడి నేల మీద నిలబడండి. నీళ్లు వైర్ల మీదికే, ఆల్టర్నేటర్, ఫ్యూజు పెట్టె మీదికి కాదు.

అయిందనుకున్నాక

తీసిన ఫ్యూజు, రిలే మళ్లీ పెట్టారో లేదో చూసుకోండి (నవ్వకండి, ఇది అందరికీ జరుగుతుంది). టెస్టుల్లో సెల్ఫ్ ఎక్కువసార్లు కొట్టి ఇంజన్ పెట్రోల్‌తో తడిసిపోతే, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అప్పుడు పెట్రోల్ ఆగి గాలి మాత్రమే వెళ్తుంది. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో సెల్ఫ్ మోటార్‌కి అర నిమిషం విరామం ఇవ్వండి.

కోడ్‌లు చెరిపేసి, ట్రాఫిక్‌లోనూ, ఎత్తు మీద మూడో గేర్‌లోనూ కలిపి పదిహేను కిలోమీటర్లు నడిపి, మళ్లీ చదవండి. బరువు మీద ఎక్కేటప్పుడే బలహీనమైన స్పార్క్ బయటపడుతుంది.

ఇన్నీ చూశాక కూడా దొరక్కపోతే గ్యారేజీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి: సెల్ఫ్ కొట్టినప్పుడు ఎన్ని వోల్టులు, ఏ సిలిండర్‌లో స్పార్క్ లేదు, ఏది దేనికి మార్చి చూశారు. ఆ కాగితం చూశాక "కాయిల్ మార్చి చూద్దాం సార్" అనడం వాళ్లకి కాస్త కష్టం.

విప్పిన పాత ప్లగ్‌లలో బాగున్నదొకటి నేను గుడ్డలో చుట్టి, జంపర్ కేబుల్‌తో పాటు డిక్కీలో పడేశాను. ఈసారి దారిలో ఆగితే టెస్టర్ అదే.